నడవగలిగినవారికి కర్ర ఎందుకు?

చక్రాల కుర్చీ వాడేవారంతా బొత్తిగా నడవలేనివారు కారు. చేతికర్ర పట్టినవారందరి కాళ్లలోనూ వంకర కనబడదు. కీళ్లవాతం, మల్టిపుల్ స్క్లెరోసిస్, మయస్థీనియా, పార్కిన్సన్స్, సికిల్ సెల్ వంటి జబ్బులున్నవారు చాలాసార్లు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తారు. కాసేపు నడుస్తారు, మెట్లెక్కుతారు, నవ్వుతూ మాట్లాడతారు. ఆ తర్వాత ఒళ్లు సహకరించదు. ఇలాంటివాటిని కనబడని వైకల్యాలు అంటారు. ఇవి ఉన్న మనిషి కర్రో వాకరో కుర్చీయో పట్టుకుని హిందూపురం బస్టాండులోకో ధర్మవరం జంక్షన్‌లోకో వస్తే, జబ్బుతోపాటు జనం చూపుల్ని కూడా మోయాల్సి వస్తుంది. "గట్టిగానే ఉండావు కదప్పా, ఈ కట్టె యాల?" అని ఒకరు ముఖం మీదే అడుగుతారు. కుర్చీలోంచి లేచి రెండడుగులు వేసి ఆటో ఎక్కితే వెనకనుంచి "అంతా నాటకం" అన్న మాట వినబడుతుంది.

ఈ అనుమానానికి మూలం దుర్మార్గం కాదు, చాలావరకు అలవాటు. తెలుగు పల్లెల్లో వైకల్యం అనగానే రెండు మూడు తరాలకు గుర్తొచ్చేది పోలియో. సన్నబడిన కాలు, ఇనుప కాలిపర్, చేత్తో తిప్పే మూడు చక్రాల బండి. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చి 27న భారతదేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. జబ్బు పోయినా అది ముద్రించిన బొమ్మ మాత్రం కళ్లలో నిలిచిపోయింది. ఆసుపత్రుల్లో, రైలు బోగీల మీద కనిపించే చక్రాల కుర్చీ గుర్తు 1968లో పుట్టింది. అదీ ఆ బొమ్మనే గట్టిపరిచింది. 1995 నాటి వికలాంగుల చట్టం కూడా 7 రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016 చట్టం వాటిని 21కి పెంచి మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్, హీమోఫీలియా, తలసేమియా, సికిల్ సెల్‌ను కూడా చేర్చింది. ఇది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. బస్సులో పక్క సీటు మనిషి చూపు మాత్రం ఇంకా పాత జాబితా దగ్గరే ఆగి ఉంది.

హిందూపురం, ధర్మవరం ఉన్న, 2022లో అనంతపురం నుంచి సత్యసాయి జిల్లాగా విడిపోయిన ఈ ప్రాంతానికి కనబడని నొప్పులు కొత్తవేమీ కావు. పాత అనంతపురం జిల్లా బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకునే ముప్పు ఉంది. నడుము వంగిపోయాక ఎవరికైనా తెలుస్తుంది. అంతకు ముందు ఏళ్లపాటు ఉండేది కీళ్ల సలుపు, మెడ తిప్పలేకపోవడం మాత్రమే, అవి చూసేవారి కంటికి ఆనవు. 2005 చివరా 2006లోనూ చికున్‌గున్యా రాయలసీమను చుట్టేసినప్పుడు జ్వరం వారంలో తగ్గినా, కొందరికి కీళ్ల నొప్పులు నెలలు, మరికొందరికి ఏళ్లు వదల్లేదు. ఇంటింటా ఈ అనుభవం ఉన్న ప్రాంతంలోనే, ఎదుటివారి చేతికర్రను నమ్మడం ఇంత కష్టమవడం బాధ కలిగిస్తుంది.

ఈ జబ్బులను అర్థం చేసుకోవడానికి వేళను గమనించాలి. ధర్మవరంలో పట్టుచీర నేసే గుంట మగ్గాన్ని తీసుకుంటే సంగతి తేటగా తెలుస్తుంది. నేతగత్తె నేలమట్టంలో కూర్చుని కాళ్లు గుంటలోకి దించి పావళ్లు తొక్కాలి, చేతులతో నాడె ఆడించాలి. రుమటాయిడ్ కీళ్లవాతం ఉంటే తెల్లవారి లేచేసరికి వేళ్లూ మోకాళ్లూ కర్రముక్కల్లా బిగుసుకుంటాయి. ఆ బిగువు వదలడానికి గంట, ఒక్కోసారి మూడు గంటలు పడుతుంది. ఉదయం ఏడింటికి ఆసుపత్రి బస్సు కోసం ఆమె వాకర్‌తో వస్తుంది. అదే మనిషి మధ్యాహ్నం మగ్గం మీద కూర్చుని చీర నేస్తుంటుంది. పొద్దున చూసినవారు అయ్యో అంటారు. మధ్యాహ్నం చూసినవారు "పొద్దున ఆ వేషమెందుకు" అంటారు. రెండూ ఒకే రోజు, ఒకే ఒంట్లో జరిగిన నిజాలు.

మయస్థీనియాలో ఇది తిరగబడుతుంది. నరం నుంచి కండరానికి సందేశం చేరే చోట దెబ్బ తగలడం వల్ల, వాడేకొద్దీ కండరం సత్తువ కోల్పోతుంది, విశ్రాంతి ఇస్తే తేరుకుంటుంది. ఉదయం చలాకీగా ఉన్నవాడు సాయంత్రానికి కాలు ఎత్తలేడు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో శత్రువు వేడి. నరాల మీది పొర దెబ్బతిన్నప్పుడు ఒంటి వేడి కొద్దిగా పెరిగినా సందేశాలు మందగిస్తాయని జర్మన్ కంటి వైద్యుడు విల్‌హెల్మ్ ఉథాఫ్ పేరుతో 1890 నుంచి తెలిసిన లక్షణం ఒకటుంది. మే నెలలో అనంతపురం సీమ ఎండకు ఆరోగ్యవంతులే సొమ్మసిల్లుతారు. ఈ జబ్బున్న మనిషి పెనుకొండలో పొద్దున రైలెక్కేటప్పుడు చేతులూపుకుంటూ వచ్చి, మిట్టమధ్యాహ్నం తిరిగి దిగేటప్పుడు కర్ర లేనిదే ప్లాట్‌ఫారం దాటలేకపోవడంలో వింతేమీ లేదు. పార్కిన్సన్స్ రోగి మందు పనిచేస్తున్నంతసేపు నడుస్తాడు, దాని ప్రభావం తగ్గగానే గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కున్నట్టు నిలిచిపోతాడు. పాట్స్ అనే స్థితిలోనైతే కూర్చుంటే సాధారణంగా పెద్ద ఇబ్బంది ఉండదు. లేచి నిలబడిన 10 నిమిషాల్లోపు గుండె నిమిషానికి 30 సార్లో అంతకన్నా ఎక్కువో అదనంగా కొట్టుకుని కళ్లు తిరుగుతాయి. వరుసలో నిలబడాల్సిన చోట ఇలాంటివారికి చక్రాల కుర్చీయే ఆధారం. వీరి కాళ్లలో లోపమేమీ ఉండదు.

కర్ర పట్టే తీరు కూడా అపోహకు దారి తీస్తుంది. కుడి తుంటి నొప్పి ఉన్నవారు కర్రను ఎడమ చేత్తో పట్టాలని ఫిజియోథెరపిస్టులు నేర్పిస్తారు. కుడి కాలు నేలకు ఆనినప్పుడు ఎడమ చేతి కర్ర కూడా ఆనితే, శరీర బరువును నిలబెట్టడానికి తుంటి కండరాలు పడే శ్రమ తగ్గుతుంది, కీలు మీది ఒత్తిడీ తగ్గుతుంది. చేయి వదులుగా వేలాడేసినప్పుడు కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. ఇది తెలియనివారు "నొప్పి ఒక కాలికి, కట్టె ఇంకో చేతికి, ఎట్ల నమ్మేది?" అంటారు. అంటే కర్రను సరిగ్గా వాడుతున్నవారినే దొంగలుగా లెక్కగడుతున్నారు.

నడవగలిగీ కుర్చీ ఎందుకన్న ప్రశ్నకు జవాబు పొదుపులో ఉంది. వేసవిలో ఒక్క బిందె నీళ్లే దొరికిన ఇల్లాలు వంటకెంత, తాగడానికెంత అని లెక్క వేసుకున్నట్టే, ఈ జబ్బులున్నవారు రోజుకున్న కొద్దిపాటి సత్తువను పంచుకుంటారు. హిందూపురం నుంచి బెంగళూరులోని నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌కు పోయి రావాలంటే స్టేషను మెట్లు, రైలు, ఆటో, ఓపీ వరుస, మళ్లీ అదే దారి. అక్కడ కుర్చీ వాడుకుంటేనే తిరిగొచ్చాక ఇంట్లో నాలుగడుగులు వేయగలుగుతారు. అంతా నడిచే పోతే తర్వాతి రెండు రోజులు మంచం దిగలేరు. ఆ రెండు రోజులు బజారులో ఎవరికీ కనబడవు.

అనుమానించేవారి వైపు ఒక నిజం ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పూర్తిగా మంచానికో కుర్చీకో పరిమితమైనవారికి 15,000. ఇంత మొత్తం ఉన్నచోట దొంగ సర్టిఫికెట్లు పుట్టాయి. 2025లో ప్రభుత్వం పింఛనుదారులకు మళ్లీ వైద్య పరీక్షలు చేయించింది. దొంగ సర్టిఫికెట్ వల్ల ముందు నష్టపోయేది నిజమైన దివ్యాంగులే, కాబట్టి తనిఖీ అవసరమే. అయితే దానికి వైద్యుల బోర్డు ఉంది, అప్పీలు ఉంది. మోసం చేసి ప్రయోజనం పొందినవారికి 2016 చట్టం 91వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలో, లక్ష వరకు జరిమానానో, రెండూనో పడతాయి. పక్కనే ఉన్న 92వ సెక్షన్ గురించి తెలిసినవారు తక్కువ. నలుగురిలో దివ్యాంగుణ్ని కావాలని అవమానిస్తే ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలు అని అది చెబుతోంది.

కంటి తీర్పు ఎంత తేలిగ్గా పక్కదారి పడుతుందో 2024 జూలైలో తెలంగాణ చూసింది. కరీంనగర్‌లో పనిచేస్తున్న ఒక యువ ఐఏఎస్ అధికారి ఆటలాడుతున్న, గుర్రపుస్వారీ చేస్తున్న ఫొటోలు పెట్టి, ఈయనకు వైకల్యమేమిటని చాలామంది నిలదీశారు. తనకు పోలియో వల్ల ఒక కాలు దెబ్బతిన్నదని, నడవగలిగినంత మాత్రాన వైకల్యం లేనట్టు కాదని ఆయన చెప్పుకోవలసి వచ్చింది. ఫొటో ఒక క్షణాన్నే పట్టుకుంటుంది. ఆ క్షణం ముందూ వెనకా ఆ కాలు పడిన పాట్లు అందులో ఉండవు.

సర్టిఫికెట్ కొలతకూ హద్దులున్నాయి. అవయవ లోపం, కండర బలం, కీలు వంగే మేర శాతాల్లోకి సులువుగా వస్తాయి. నొప్పి, నిస్సత్తువ, పూటపూటకూ మారే స్థితి అంత సులువుగా రావు. రాయితీలు, రిజర్వేషన్లు చాలావరకు 40 శాతం దాటినవారికే దక్కుతాయి. 30 శాతం వచ్చినవారికి జబ్బు లేదని దాని అర్థం కాదు. చేతికర్ర పట్టుకోవడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదన్నది ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయం. కళ్లజోడు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అడగని సమాజం కర్రకు మాత్రం లెక్క అడుగుతోంది.

ఈ నిలదీత ఎక్కువగా తగిలేది వయసులో ఉన్నవారికి, అందులోనూ ఆడపిల్లలకు. "పెళ్లి కావాల్సిన పిల్ల చేతిలో కట్టేంది?" అని ఇంట్లోవారే దాచిపెట్టిస్తారు. కర్ర వదిలేసినవారు గోడలు పట్టుకుని నడుస్తారు, పడతారు, చివరికి బయటికి రావడమే మానేస్తారు. రైల్లో దివ్యాంగుల బోగీ ఎక్కినా "నీకేముంది?" అన్న ప్రశ్న తప్పదు. ఆ ప్రశ్న అడిగే అధికారం టీటీఈకి ఉంది, తోటి ప్రయాణికులకు లేదు.

వేరే దేశాల్లో కొన్ని దారులు వెతికారు. 2016లో లండన్ గాట్విక్ విమానాశ్రయం పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ ఉన్న మెడ పట్టీని తెచ్చింది. అది వేసుకున్నవారికి పైకి కనబడని ఇబ్బంది ఉందని సిబ్బంది గుర్తుపడతారు. 2019 ఆగస్టులో ఇంగ్లండ్ దివ్యాంగుల వాహనాల పార్కింగ్ కార్డును కనబడని వైకల్యాలకూ వర్తింపజేసింది. పట్టీ సిబ్బందికి పనికొస్తుంది కానీ, జబ్బును మెడలో వేసుకు తిరగడం అందరికీ ఇష్టం ఉండదు. ఇష్టం లేనివారికి ఆ హక్కు ఉండాలి.

వీటికన్నా దగ్గరి పనులు కొన్ని ఉన్నాయి. బస్టాండులో నీడలో నాలుగు బెంచీలు ఎక్కువ వేస్తే పాట్స్ ఉన్నవారికి కుర్చీ అవసరం కొంత తగ్గుతుంది. ఓపీ దగ్గర టోకెన్ ఇచ్చి కూర్చోబెడితే కీళ్లవాతం ఉన్నవారు నొప్పి పెట్టే మోకాళ్లతో గంటసేపు నిలబడనక్కర్లేదు. పల్లెల్లోని వికలాంగుల సంఘాల సమావేశాల్లో పోలియో, అంధత్వంతోపాటు ఈ జబ్బుల పేర్లు కూడా చదివితే, ఇన్నేళ్లూ తమ నొప్పికి పేరే తెలియని కొందరు పరీక్షకు ముందుకొస్తారు.