ఒక్క మెతుకు పట్టి చూడనందుకు...
ఢిల్లీ విమానాశ్రయంలో తెల్లబోర్డు చెప్పిన సాఫ్ట్‌వేర్ పాఠం

2024 జులై 19, శుక్రవారం. ఢిల్లీ ఇందిరాగాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో విమానాల వివరాలను సిబ్బంది తెల్లబోర్డు మీద మార్కర్‌తో రాస్తూ కనిపించారు. హైదరాబాద్‌లో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు అందాయి. గురుగ్రామ్ కేంద్రంగా నడిచే ఇండిగో దాదాపు 200 విమానాలు రద్దు చేసింది. సైబర్ దాడి ఏమీ జరగలేదు. దాడుల నుంచి కంప్యూటర్లను కాపాడాల్సిన సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక చిన్న అప్‌డేట్ ఇంత పని చేసింది!

అమెరికాకు చెందిన క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ ఆ అప్‌డేట్‌ను మన కాలమానం ప్రకారం ఉదయం 9:39కి విడుదల చేసింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది. అప్పటికే ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. అప్‌డేట్ ఇంటర్నెట్ ద్వారా క్షణాల్లో వెళ్లింది. బాగుచేయడానికి మాత్రం చాలాచోట్ల సిబ్బంది ఒక్కో కంప్యూటర్ దగ్గరికి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును తొలగించాల్సి వచ్చింది.

20 గడులు, 21వ ప్రశ్న

లోపం ఏమిటి? ప్రోగ్రామ్ అందించే సమాచారంలో 20 గడులే ఉన్నాయి. కొత్త అప్‌డేట్ 21వ గడిని చూడమంది. లేని గడి కోసం ప్రోగ్రామ్ తనది కాని మెమరీలోకి వెళ్లింది. అది విండోస్ అంతర్భాగమైన కెర్నల్‌లో పనిచేసేది కావడంతో మొత్తం కంప్యూటరే ఆగిపోయింది.

మరి పరీక్షించలేదా? పరీక్షించారు. కానీ ఆ పరీక్షల్లో 21వ గడి దగ్గర ‘ఏదైనా సరే’ అని పెట్టారు. అందువల్ల ప్రోగ్రామ్‌కు ఆ గడి వైపు చూసే అవసరమే రాలేదు. ఇంకో విషయం. అదే సంస్థ తన అసలు ప్రోగ్రామ్ కొత్త వెర్షన్లను దశలవారీగా విడుదల చేసేది. ఈ తరహా చిన్న అప్‌డేట్లను మాత్రం అందరికీ ఒకేసారి పంపేది.

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తాం. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ‘కెనరీ’ విడుదల అంటారు. విషవాయువును ముందే పసిగట్టడానికి బొగ్గు గనుల్లోకి తీసుకెళ్లిన కెనరీ పిట్టల నుంచి ఆ పేరు వచ్చింది. కొత్త మార్పును ముందు కొద్ది కంప్యూటర్లకే పంపి, అవి బాగున్నాయని తేలాకే మిగతావాటికి పంపుతారు.

గోడకు ఇరువైపులా

ఇలాంటి అలవాట్ల సమాహారమే డెవాప్స్. డెవలప్‌మెంట్, ఆపరేషన్స్ అనే రెండు మాటల కలయిక ఇది. ఒకప్పుడు కోడ్ రాసేవారు ఒకవైపు, దాన్ని నడిపేవారు మరోవైపు ఉండేవారు. వారికి మార్పు కావాలి, వీరికి స్థిరత్వం కావాలి. 2009 జూన్‌లో ఫ్లికర్ సంస్థ ఇంజినీర్లు జాన్ ఆల్‌స్పా, పాల్ హామండ్ తాము రోజుకు పదికి పైగా మార్పులు విడుదల చేస్తున్నామని ఒక సదస్సులో చెప్పారు. అదే ఏడాది అక్టోబరులో బెల్జియంలోని ఘెంట్‌లో పాట్రిక్ డెబ్వా తొలి ‘డెవాప్స్ డేస్’ నిర్వహించారు.

తరచూ మారిస్తే ప్రమాదం కాదా? లెక్క వేసి చూద్దాం. 100 మార్పులు కలిపి ఒకేసారి విడుదల చేశాక ఏదో చెడిందనుకోండి. అనుమానితులు 100. రెండు మార్పులు ఒకదానితో ఒకటి పొసగక చెడితే పరిశీలించాల్సిన జంటలు 4,950. ఒక్కో మార్పే విడుదల చేస్తే ముందుగా అనుమానించాల్సింది ఒక్కదాన్నే.

ఈ పనికి సాధనాలున్నాయి. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్, ఎవరు ఏ వరుసను ఎప్పుడు మార్చారో గుర్తుంచుకుంటుంది. దాని ఆధారంగా నడిచే గిట్‌హబ్ వంటి వేదికల్లో ఒకరి కోడ్‌ను మరొకరు చూసి సరిచేయవచ్చు. ఆరోగ్య సేతు ఆండ్రాయిడ్ యాప్ కోడ్‌ను 2020 మేలో కేంద్ర ప్రభుత్వం అక్కడే అందరి ముందు ఉంచి, లోపాలు పట్టినవారికి బహుమతులు ప్రకటించింది.

సాధనం కొంటే సరిపోదు

నోయిడా, గురుగ్రామ్‌లలోని సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లోనూ ఈ సాధనాలు కొత్త కాదు. కష్టమైనది అలవాటు మార్చుకోవడం. డెవాప్స్ కోచ్ పని అక్కడ మొదలవుతుంది. ఒక మార్పు రాసిన దగ్గర్నుంచి వినియోగదారుడికి చేరేదాకా ఎక్కడెక్కడ ఆగుతోందో బృందంతోనే గోడ మీద గీయిస్తారు. నాలుగు కొలతలు చూడమంటారు: ఎంత తరచుగా విడుదల చేస్తున్నారు, ఒక మార్పు చేరడానికి ఎంత సమయం పడుతోంది, ఎన్ని మార్పులు విఫలమవుతున్నాయి, విఫలమైతే కోలుకోవడానికి ఎంతసేపు.

అన్నిటికన్నా ముఖ్యం, తప్పు జరిగిన మర్నాటి సమావేశం. ‘ఎవరు చేశారు?’ అని అడిగితే అందరూ నోరు కుట్టేసుకుంటారు. ‘ఏ ఏర్పాటు దీన్ని జరగనిచ్చింది?’ అని అడిగితే ‘ఆ 21వ గడిని మనం ఎప్పుడూ పరీక్షించలేదు’ అని ఎవరో ఒకరు ధైర్యంగా చెప్పగలుగుతారు.

2024 ఆగస్టులో క్రౌడ్‌స్ట్రైక్ తన లోపాన్ని పూర్తి సాంకేతిక వివరాలతో బయటపెట్టింది. ఇకపై ఆ చిన్న అప్‌డేట్లనూ దశలవారీగానే పంపుతామని, ఎప్పుడు తీసుకోవాలో నిర్ణయించుకునే వీలు వినియోగదారులకు ఇస్తామని చెప్పింది. మన ఆసుపత్రులు, బ్యాంకులు, రైల్వేలకు సాఫ్ట్‌వేర్ రాసే ప్రతి బృందం ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మనం అందరికీ ఒకేసారి పంపేస్తున్న ‘చిన్న’ అప్‌డేట్ ఏదైనా ఉందా?