గురిపెట్టువాని మనస్సు: అపోహలు – వాస్తవములు

ద్రోణుని పరీక్షలో అర్జునునకు పిట్ట కన్ను తప్ప మఱేమియు కానరాలేదను కథ బాల్యముననే మన మనస్సులలో నాటుకొనియుండుటచేత, రైఫిలు చేతబట్టినవాడును లక్ష్యమునే కన్నార్పక చూచుచు, తన సంకల్పబలమంతయు దానియందే నిలిపి కాల్చునని పెక్కుమంది తలంతురు. కాని దగ్గఱి వస్తువును దూరపు వస్తువును ఏకకాలమున స్పష్టముగా జూచు శక్తి మనుష్యనేత్రమునకు లేదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో నిలిచిన షూటరు తన చూపును తుపాకి కొసనున్న సైటు వలయముపై నిలిపి, ఆవలి నల్లని వృత్తము ఒకింత మసకబాఱుటకు సమ్మతించును. పది పాయింట్ల చుక్క వ్యాసము అర మిల్లీమీటరు, దానిని కొట్టవలసిన గుండు వ్యాసము 4.5 మిల్లీమీటర్లు, కావున ఆ చుక్కను చూచి తీరవలెనని పట్టుబట్టినను ఫలితము లేదు.

లక్ష్యమొక్కటే చూచుటవలన ముప్పును కలదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్సున, 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో, స్వర్ణపతకము ఇంచుమించు చేతికందిన వేళ, అమెరికా షూటరు మాథ్యూ ఎమన్స్ తన చివరి గుండును ప్రక్కవాని లక్ష్యముపై పేల్చెను. ముందుగా లక్ష్యముపైనున్న సంఖ్యను చూచి, పిదప తుపాకిని క్రిందికి దించు అలవాటుగల ఆతడు, ఆ పర్యాయము మనస్సును శాంతపఱచుకొను యత్నమున సంఖ్యను విడిచి నల్లని వృత్తమునే చూచెను. పతకము పోయి ఎనిమిదవ స్థానము దక్కెను. పిట్ట కన్ను చక్కగనే కనబడినది; పిట్ట మాత్రము వేఱు!

వలయము నడిమికి వచ్చిన క్షణమున ‘ఇప్పుడే’ యని మనస్సు ఆజ్ఞాపింపగా వ్రేలు ట్రిగ్గరును నొక్కుననుట ఇంతకంటె బలమైన భ్రమ. ఎంతటి సిద్ధహస్తుని తుపాకియైనను గుండె కొట్టుకొనినంతకాలము సూక్ష్మముగా ఊగుచునే యుండును. ఆ ఊగులాటలో శుభముహూర్తమును పట్టుకొనవలెనను ఆరాటమే వ్రేలిని అదరించి గుండును దారి తప్పించును. కావుననే శిక్షకులు ఊగులాటను సహింపుమనియు, ఒత్తిడిని అభ్యాసవశమున మెల్లగా పెరుగనిమ్మనియు బోధింతురు. 1984లో హాట్‌ఫీల్డు, లాండర్సు, రే అను పరిశోధకులు నిపుణులైన షూటర్ల మెదడు తరంగములను పరీక్షింపగా, కాల్చుటకు ముందు క్షణములలో, భాషావ్యాపారమునకు ప్రధానస్థానమగు ఎడమ పార్శ్వమున ఆల్ఫా తరంగములు హెచ్చుట కానవచ్చెను; లోలోపలి మాటలు సద్దుమణుగుటకు ఇది చిహ్నమని భావింతురు.

ఊపిరి బిగబట్టుటయే రహస్యమనుట అర్ధసత్యము: కొంత శ్వాస విడిచిన పిమ్మట కలుగు సహజవిరామమున కాల్తురే గాని, ఎక్కువసేపు నిలిపినచో చూపు మందగించును. భుజబలము మాటయు అంతియే. బరువును మోయవలసినది ఎముకల పొందిక. ఇక విజేతలకు బెదురే యుండదందురా, గుండెవేగమును తగ్గించు బీటా బ్లాకరు మందులను ఈ క్రీడలో నిషేధింపవలసిన అగత్యమేమి?

తుపాకి ఎత్తినవాడు కాల్చియే తీరవలెనను భావము, నా దృష్టిలో, అన్నింటికంటె హానికరము. 10 మీటర్ల ఎయిర్ రైఫిలు అర్హతపోటీలో 60 గుండ్లకు 75 నిమిషములుండును. మనస్సు చెదరినదని తోచిన క్షణమున తుపాకిని దించి, ఊపిరి తీసికొని, మొదటినుండి మొదలిడుటకు ఆ వ్యవధి చాలును. గుండు వెడలినంతమాత్రమున పనియు ముగియదు: షూటరు ఒకటి రెండు సెకండ్లు కదలక నిలిచి, ఫలితమును చూపు తెరవంక చూడకమునుపే గుండు ఎచట తగిలియుండునో తనలో చెప్పుకొని, ఆ పిదపనే తెరతో సరిచూచుకొనును.