అప్పుడు కూడా క్రికెట్టేనా?

2021 ఏప్రిల్ నెలాఖరు. ఢిల్లీ ఆసుపత్రుల్లో ఆక్సిజన్ లేక జనం అల్లాడుతుంటే, అదే ఊళ్లో ప్రేక్షకుల్లేని అరుణ్ జైట్లీ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్‌లు నడిచాయి. ఇంట్లోవాళ్లకు కోవిడ్ రావడంతో అశ్విన్ మధ్యలోనే వెళ్లిపోయాడు. "ఇప్పుడు కూడా క్రికెట్టేనా?" అని మా అక్క గట్టిగానే అడిగింది. పగలంతా కోడింగ్, మధ్యలో బెడ్ల కోసం ఫోన్లు, రాత్రి మ్యాచ్... అలా గడిచేది నాకు.

నేను చూడకపోతే సిలిండర్లు పెరుగుతాయా అనడం తప్పించుకునే మాట. ఆ ఊళ్లో ఆడించడం ముమ్మాటికీ తప్పే. ఆటగాళ్లకే సోకాక గానీ, మే 4న ఆపలేదు. చూడటం మాత్రం వేరు. ఐసోలేషన్ వార్డు నుంచి మా బాబాయి రోజూ ఫోన్ చేసి ముందు అడిగేది, "సన్‌రైజర్స్ ఎంత కొట్టార్రా?" అనే. ఏడు మ్యాచుల్లో గెలిచింది ఒక్కటే కదా, ఓడిపోయారని చెప్తే తిట్టేవాడు. ఆయన గొంతులో ఆ కోపం వినబడితేనే పిన్ని అన్నం తినేది.