ఖాళీగా ఉండే అమ్మ ఎక్కడ?

ఢిల్లీ మెట్రో బ్లూ లైన్‌లో ఒక శాఖకు చివరి స్టేషన్ వైశాలి. పొద్దున్నే అక్కడ రైలెక్కే భర్తది ఉద్యోగం, ఫ్లాట్‌లో రెండేళ్ల బిడ్డతో మిగిలే భార్య 'ఖాళీ' అని లెక్కగట్టడం అక్కడి తెలుగిళ్లలోనూ వినిపించే మాటే. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే లెక్క వేరు: ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. పిల్లల, పెద్దల సంరక్షణ ఇందులో కలవలేదు. ఢిల్లీ రోడ్డు ప్రమాదంలో పోయిన దంపతుల నష్టపరిహారం కేసులో, 2021 జనవరిలో, సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ఈ అంకెలనే ఎత్తిచూపి, గృహిణి శ్రమకూ ఆదాయం లెక్కగట్టాలన్నారు.

అమ్మ ప్రేమకు వెల కడతారా అని కొందరు నొచ్చుకుంటారు. ప్రేమకెవరు కట్టారు? చారన్నం మెత్తగా మెదిపి, బిడ్డ ఉమ్మేస్తే మళ్లీ కలిపి, నేల తుడిచి, ఈలోపు పొంగిన పాలగిన్నె తోమే చాకిరీకే ఈ లెక్క. ప్రయాణంతోనే భర్త ఒళ్లు హూనమవుతుందన్న మాట కొట్టిపారేయలేం. అయినా ఆయనకు రైల్లో ఎప్పుడో ఒకసారి సీటు దొరుకుతుంది, ఈమెకు అదీ లేదు. పక్కవీధిలో అమ్మమ్మ లేని ఊళ్లో బిడ్డ సాయంత్రం స్నానం, పాలసీసాలు కడగడం ఆయన వంతైతే, ఆమెకు గంటసేపు నడుం వాల్చే వీలుంటుంది.