ఒకటి ఉచితం... లెక్క చూశారా?

ఆదివారం సాయంత్రం. బందరులోనో గుడివాడలోనో ఏ సూపర్‌మార్కెట్‌కి వెళ్లినా ఈ దృశ్యం మామూలే. నెలసరుకులన్నీ తీసుకుని బిల్లు కౌంటర్‌ వైపు వెళ్తున్న అమ్మను పిల్లలు ఫ్రిజ్‌ ముందు ఆపేస్తారు. ‘రెండు చీజ్‌ ప్యాకెట్లు కొంటే ఒకటి ఉచితం’ అని అద్దం మీద ఎర్రటి అక్షరాలు. ‘ఒకటి ఫ్రీ కదమ్మా’ అంటారు పిల్లలు. కందిపప్పు దగ్గర రూపాయి తేడాకి రెండు రకాలు తిరగేసి చూసిన అమ్మ, ఇక్కడ మాత్రం మారుమాట లేకుండా మూడు ప్యాకెట్లూ బుట్టలో వేసేస్తుంది.

ఎందుకలా? పప్పు సంగతి ఆమెకు తెలుసు. పాలలో నీళ్లు కలిశాయో లేదో చూసి చెప్పేస్తుంది, నెయ్యి మంచిదో కాదో వాసనతో పట్టేస్తుంది. చీజ్‌తో అంత పరిచయం లేదు. నిఘంటువులు దాన్ని ‘జున్ను’ అంటాయి కానీ దివిసీమ ఇళ్లలో జున్నంటే ఈనిన గేదె తొలి పాలలో బెల్లం, మిరియాలపొడి వేసి ఆవిరి మీద ఉడికించేది. చీజ్‌ వేరు. పాలను విరగ్గొట్టి, నీరు తీసేసి, ఉప్పు కలిపి చేస్తారు. చాలా రకాల్ని మాగబెడతారు కూడా. అలవాటు లేని సరుకు కాబట్టే ఆఫర్‌ మాటకి తొందరగా లొంగిపోతాం. మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు, అసలు సంగతి తెలిసిపోతుంది.

గ్రాము ఎంతకి పడింది?

మాటల గారడీ ఇక్కడే. ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అంటే సగం ధర. ‘రెండు కొంటే ఒకటి ఉచితం’ అంటే తగ్గింది మూడో వంతే, అంటే 33 శాతం. ‘50 శాతం అదనం’ అన్నా అంతే! ‘25 శాతం అదనం’ అంటే నిజానికి తగ్గింది 20 శాతం. పైగా ఈ శాతాలన్నీ ఎంఆర్‌పీ మీద వేసే లెక్కలు. అదే ప్యాకెట్‌ పక్క షాపులో ఎప్పుడూ ఎంఆర్‌పీ కన్నా తక్కువకే ఇస్తుంటే, ఆ మేరకు ఆఫర్‌ విలువ తగ్గినట్టే.

ముక్కలు లెక్కపెట్టి లాభం లేదు. పది స్లైసుల ప్యాకెట్టూ, ఎనిమిది క్యూబుల డబ్బా కూడా సాధారణంగా 200 గ్రాములే. బరువుతో ధరను భాగిస్తేనే అసలు ధర తెలిసేది. ఆ శ్రమ కూడా తగ్గించాలని, 2021లో సవరించిన తూనికలు కొలతల నిబంధనల్లో ప్యాకెట్‌ మీద గ్రాము ధర లేదా కిలో ధర కూడా ముద్రించాలన్నారు. ఎంఆర్‌పీ దగ్గరే చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని చూడాల్సింది దాన్నే!

మరో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి చీజ్‌ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు వంద రూపాయల సరుకు అంతకుముందు 112 అయితే ఆ తర్వాత 105. ఆ ఏడు రూపాయలూ పన్ను తగ్గింపువి. వాటిని ఆఫర్‌ ఖాతాలో వేయక్కర్లేదు.

లోపల ఉన్నది ఏమిటి?

నిబంధనల ప్రకారం ప్రాసెస్డ్‌ చీజ్‌లో తేమ 47 శాతం మించకూడదు. చపాతీ మీద పూసుకునే చీజ్‌ స్ప్రెడ్‌లో 60 శాతం దాకా ఉండొచ్చు. అందుకే ఈ రెండింటి గ్రాము ధరల్నీ పక్కపక్కన పెట్టి ‘ఇది చవక’ అనుకోకూడదు. కొన్నిటిలో పాల కొవ్వు బదులు పామాయిల్‌ లాంటి నూనెలు వాడతారు. తురుముగా ఉంటే చూపుకి తేడా తెలియదు. ప్యాకెట్‌ వెనక పదార్థాల జాబితాలో ‘వెజిటబుల్‌ ఆయిల్‌’, ‘అనలాగ్‌’ అన్న మాటలుంటే అది చీజ్‌ కాదు. నూనె సరుకుని చీజ్‌ ధరతో పోల్చి ఎంత తగ్గిందో చూస్తే ఎప్పుడూ లాభంగానే కనిపిస్తుంది!

ఎంత తింటాం?

అసలు లెక్క ఇది. ప్యాకెట్‌ 150 రూపాయలనుకుందాం. రెండు కొంటే ఒకటి ఉచితం. మూడూ తింటే ఒక్కోటి వందకి పడినట్టు. రెండే తిని ఒకటి పారేస్తే ఒక్కోటి 150... అంటే ఆఫర్‌ లేనట్టే. ఒక్కటే తిని రెండు పారేస్తే? 150 రూపాయల ప్యాకెట్‌ని 300కి కొన్నట్టు!

గడువు దగ్గరపడిన సరుకు మీద ఆఫర్లు పెట్టడం వ్యాపారంలో మామూలే. అందులో తప్పేం లేదు. ఆలోగా వాడేసేవాళ్లకి అదే మంచి బేరం. కాకపోతే ఆ గడువు తేదీ విప్పని ప్యాకెట్‌కే. విప్పాక ఎన్ని రోజుల్లో వాడాలో లేబుల్‌ మీద విడిగా రాస్తారు.

బందరులో కొని నాగాయలంకకో కోడూరుకో బస్సెక్కేవాళ్లకి ఇంకో చిక్కు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ ప్రయాణంలో ఫ్రిజ్‌లోంచి తీసిన చీజ్‌ మెత్తబడిపోతుంది, కొవ్వు విడిపోతుంది. ఇంటికి వెళ్లాక కరెంటు ఉంటుందో లేదో! దూరం వెళ్లేవాళ్లు చీజ్‌ని ఆఖర్న తీసుకుని, చల్లటి పాల ప్యాకెట్ల మధ్య పెట్టి, మందపాటి సంచిలో పట్టుకెళ్లడం మేలు. మిగిలిపోతుందనిపిస్తే తురిమి, చిన్న చిన్న పొట్లాలుగా డీప్‌ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. తర్వాత ముక్కలుగా తినడానికి బాగోదు కానీ దోసె మీదకి, శాండ్‌విచ్‌లోకి పనికొస్తుంది. తురుములో బూజు కనిపిస్తే మాత్రం ఏరుకోకుండా మొత్తం పారేయాలి.

ఆఫర్‌ ఒకటి రాసి బిల్లులో మరో ధర వేస్తే, ముందు కౌంటర్‌లోనే అడగాలి. వినకపోతే బిల్లు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కి ఫోన్‌ చేయొచ్చు.

మూడు ప్యాకెట్లూ మనింట్లో ఖర్చు కావనిపిస్తే పక్కింటివాళ్లతో కలిసి కొనుక్కుని, డబ్బూ సరుకూ పంచుకోవచ్చు. అదేం కొత్త పద్ధతి కాదు. దివిసీమలో గేదె ఈనితే జున్నుపాల గిన్నె ఇరుగింటికీ పొరుగింటికీ వెళ్తుంది. దానికి ఎంఆర్‌పీ లేదు, గడువు తేదీ లేదు. అందరూ ఆ పూటే తినేస్తారు, చుక్క కూడా వృథా కాదు!