పట్టు రైతుల కంపెనీ: రిజిస్ట్రేషన్ ఇంటి నుంచే, తాళం మాత్రం మన చేతిలోనే



మా కోవిల్‌పట్టి పక్క మల్బరీ పెట్టినవాళ్లం ఊరికి ఇద్దరో ముగ్గురో. గూళ్లు దించిన ప్రతిసారీ ధర్మపురికి పోదామా, రామనగరకు పోదామా అని లెక్కే. ఎవరి బండి వాళ్లు కట్టుకుంటే కిరాయి గిట్టుబాటు కాదు. అందుకే పది మందిమి కలిసి రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకున్నాం. "మీది తమిళనాడు కంపెనీ కదా, ఆంధ్రావాళ్లం మేము చేరొచ్చా?" అని గ్రూపులో కొందరు అడిగారు. చేరొచ్చు. ఎలాగో చెప్తాం, మేము ఎక్కడ దెబ్బ తిన్నామో కూడా చెప్తాం.

*రాష్ట్రం దాటడం*

మామూలు సహకార సంఘం రాష్ట్ర చట్టం కింద నడుస్తుంది. కంపెనీది కేంద్ర చట్టం. ఉత్పత్తిదారుల కంపెనీ అనే పద్ధతి 2002లో వచ్చింది, 2020 సవరణతో 2013 కంపెనీల చట్టంలో చేరింది. కనీసం 10 మంది రైతులు, 5 నుంచి 15 మంది డైరెక్టర్లు ఉండాలి. రైతులే సభ్యులైన కంపెనీలో ఎవరికెన్ని షేర్లున్నా మనిషికి ఒక్కటే ఓటు.

హిందూపురం రైతు, కడంబూరు రైతు ఒకే కంపెనీలో ఉండొచ్చు. గూళ్లు ఏ రాష్ట్ర మార్కెట్లో అమ్మినా అక్కడ మళ్లీ కంపెనీ రిజిస్టర్ చేయక్కర్లేదు. పట్టుగూళ్లకు జీఎస్టీ లేదు.

ఆఫీసునే వేరే రాష్ట్రానికి మార్చాలంటే మాత్రం పని ఎక్కువ. సభ్యుల ప్రత్యేక తీర్మానం, అప్పులిచ్చినవాళ్లకు నోటీసు, పేపర్లో ప్రకటన, ఆపైన రీజినల్ డైరెక్టర్ అనుమతి కావాలి. కంపెనీ అదే, దాని అప్పులూ ఆస్తులూ అవే. యూరప్‌లోనైతే కంపెనీ మూతపడకుండా ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారేందుకు 2019లో ఉమ్మడి నియమాలు తెచ్చారు.

*రిజిస్ట్రేషన్*

2020 ఫిబ్రవరి నుంచి స్పైస్ ప్లస్ అనే ఆన్‌లైన్ ఫారం ఉంది. మొదటి భాగం పేరుకి, రెండోది రిజిస్ట్రేషన్‌కి. పాన్, టాన్, బ్యాంకు ఖాతా అన్నీ దాంతోనే. అధీకృత మూలధనం 15 లక్షల దాకా రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. స్టాంపు డ్యూటీ, కాగితాలు చేసేవాళ్ల ఫీజు వేరే.

ఒక జాగ్రత్త. తమిళనాడులో మనకు పేరు ముందు నాన్న పేరు మొదటి అక్షరమే, ఆంధ్రాలో ఇంటిపేరు. ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఒకలా ఉంటే డిజిటల్ సంతకం దగ్గరే పని ఆగుతుంది. ముందే సరిచేసుకోండి.

*మేము దెబ్బ తిన్న చోటు*

డిజిటల్ సంతకం చిన్న పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. "మీకెందుకు శ్రమ" అని కాగితాలు చేసినాయన మా టోకెన్లు, పాస్‌వర్డ్‌లు తన దగ్గరే పెట్టుకున్నాడు. మేము సరే అన్నాం. ఆ ఏడు లెక్కల ఫారం, వార్షిక రిటర్న్ వేశాడనే అనుకున్నాం. వేయలేదు. రెండు ఫారాలు, 60 రోజులేసి ఆలస్యం, రోజుకు ఒక్కోదానికి 100 రూపాయలు: మొత్తం 12,000. పది కుటుంబాల గూళ్ల డబ్బులోంచి కట్టాం. తప్పు ఆయన ఒక్కడిదే కాదు, మాది కూడా. ఆ టోకెన్‌తో వేసిన సంతకం చట్టం దృష్టిలో మన సంతకమే. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఎవరికైనా ఇస్తామా?

*గుర్తుంచుకోవాల్సిన గడువులు*

▪️ 30 రోజుల్లో మొదటి ఆడిటర్ నియామకం.
▪️ 90 రోజుల్లో మొదటి సర్వసభ్య సమావేశం.
▪️ 180 రోజుల్లో షేర్ల డబ్బు అందిందని, వ్యాపారం మొదలుపెడుతున్నామని ప్రకటన. తప్పితే కంపెనీకి 50,000 జరిమానా.
▪️ ప్రతి ఏడాది సమావేశం అయ్యాక గడువులోగా లెక్కలు, 60 రోజుల్లో వార్షిక రిటర్న్.
▪️ వరుసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లు అనర్హులు.

నాలుగో జ్వరం లేచిన పురుగుకు ఆకు ఆలస్యమైతే గూడు పలచనవుతుంది. కంపెనీకి గడువులూ అంతే.

ఇప్పటికే కంపెనీలో ఉన్నవాళ్లు ఈ వారమే రెండు పనులు చేయండి. మీ టోకెన్ ఎవరి దగ్గరుందో కనుక్కొని తెచ్చుకోండి. ఎంసీఏ వెబ్‌సైట్లో మీ కంపెనీ పేరు కొట్టి, చివరి బ్యాలెన్స్ షీట్ ఏ ఏడాదిదో చూడండి. అందుకు డబ్బు కట్టక్కర్లేదు. మేము ఆ పని ముందే చేసుంటే 12,000 మిగిలేది.

సందేహాలుంటే గ్రూపులో అడగండి, మాకు తెలిసింది చెప్తాం.