ఆట చుట్టూ ఉండే పని

క్రీడా వ్యాపారం అంటే మైదానంలో ఆడేవాళ్ల పని కాదు, వాళ్ల ఆట జరగడానికి, అది డబ్బుగా మారడానికి చుట్టూ సాగే పని. టికెట్లు అమ్మాలి, స్పాన్సర్లను పట్టుకోవాలి, ప్రసార హక్కులకు ఒప్పందం రాయాలి, అనుమతులు తేవాలి, జనాన్ని లోపలికి పంపి క్షేమంగా బయటికి తేవాలి. ఈ పనిని పీజీ చదువుగా చదివేవారికి తరగతి గది ఒక్కటే చాలదన్న సంగతి ఆ చదువు పుట్టుకలోనే ఉంది. 1957లో బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు యజమాని వాల్టర్ ఓమాలీ అమెరికాలో జేమ్స్ మేసన్ అనే అధ్యాపకుడికి ఉత్తరం రాశాడు. క్లబ్బుల్నీ స్టేడియాల్నీ నడపగలవాళ్లను ఏ విశ్వవిద్యాలయం తయారుచేస్తోందన్నది అందులోని ప్రశ్న. అప్పటికి జవాబు లేదు. మేసన్ ఒహాయో విశ్వవిద్యాలయానికి వెళ్లాక, 1966లో అక్కడ క్రీడా నిర్వహణలో మాస్టర్స్ కోర్సు మొదలైంది. కోరింది యజమాని కాబట్టి, చదువు కూడా యజమాని అవసరం చుట్టూనే అల్లుకుంది. ఏదో ఒక క్లబ్బులోనో క్రీడా సంస్థలోనో ఇంటర్న్‌గా పనిచేయడం ఇలాంటి కోర్సుల్లో విడదీయలేని భాగమైపోయింది.

హైదరాబాద్ ఉత్తర శివారులోని అలియాబాద్ పరిసరాల్లో ఈ చదువుకు కావలసిన ముడిసరుకు దాదాపు అంతా ఉంది. లేనిది వాటిని కలిపే ముడి. సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద ఉత్తరంగా వస్తే ముందు హకీంపేటలో 1993లో పెట్టిన ప్రభుత్వ క్రీడా పాఠశాల తగులుతుంది. తూంకుంట దాటి శామీర్‌పేట చేరేలోపు బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్‌కు దారి చీలుతుంది. ఆ క్యాంపస్ 2008లో మొదలైంది. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ న్యాయశాస్త్ర పీజీతో పాటు ఎంబీఏ కూడా చెబుతారు. ఆ తర్వాత అలియాబాద్ చౌరస్తా, దాన్ని దాటితే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ. అంటే ఆటగాళ్లను తయారుచేసే బడి, లెక్కలు, సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లను తయారుచేసే క్యాంపస్, ఒప్పందాలు రాసేవాళ్లను తయారుచేసే విశ్వవిద్యాలయం ఒకే రోడ్డు వెంట ఉన్నాయి. మ్యాచ్‌లు మాత్రం నగరంలోని ఉప్పల్, గచ్చిబౌలి స్టేడియాల్లో జరుగుతాయి. శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే రెండు వైపులకూ దారి ఉంది.

దేశంలో ఈ వ్యాపారం పరిమాణం ఏటా 15 వేల కోట్ల రూపాయలు దాటింది. అందులో ఐదింట నాలుగు వంతులకు పైగా క్రికెట్‌దే. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. ఆ సొమ్ములో పెద్ద వాటా జట్లకు చేరుతుంది. స్టేడియం నిండినా నిండకపోయినా ఫ్రాంచైజీకి ఆ డబ్బు వస్తుంది. ఫ్రాంచైజీ సొంత కష్టంతో సంపాదించేది మిగతాది: టికెట్లు, స్థానిక స్పాన్సర్లు, కార్పొరేట్ బాక్సులు, జెర్సీల అమ్మకం. సొంత మైదానంలో ఆడే లీగ్ మ్యాచ్‌లు ఏడే. ఏడాది పాటు వేసుకున్న పథకమంతా ఆ ఏడు రోజుల్లో అమ్ముడుపోవాలి. కొత్తగా చేరిన విద్యార్థికి ఇచ్చే పని దాదాపు ఎప్పుడూ ఈ రెండో భాగంలోనే ఉంటుంది.

ఆ పనిలో ఆకర్షణ తక్కువ. స్పాన్సర్‌కు ఇచ్చిన మాటల జాబితా చేతపట్టుకుని స్టేడియం తిరగాలి. ఎన్ని బోర్డులు, ఏ గేటు దగ్గర, ఏ ఓవర్‌లో పెద్ద తెర మీద ఏ ప్రకటన, వీఐపీ గదిలో ఎన్ని కుర్చీలు అన్నీ సరిచూసుకోవాలి. ప్రతిదానికీ ఫొటో తీయాలి. మ్యాచ్ అయ్యాక ఆ ఫొటోలతో, హాజరు లెక్కలతో, తెర మీద లోగో కనిపించిన సమయంతో స్పాన్సర్‌కు నివేదిక పంపాలి. మరుసటి ఏడు ఒప్పందం కొనసాగాలా వద్దా అన్నది చాలావరకు ఆ నివేదిక మీదే నడుస్తుంది. ప్రపంచకప్ లాంటి పోటీలైతే ఇంకో చిక్కు. స్టేడియాన్ని పాత ప్రకటనలేవీ లేకుండా ఖాళీగా అప్పగించాలి. 2023 ప్రపంచకప్‌లో ఉప్పల్‌లో మూడు మ్యాచ్‌లు జరిగాయి. అలాంటి సందర్భాల్లో గోడ మీద మిగిలిపోయిన పాత కంపెనీ పేరును గుడ్డ కప్పి దాచడం కూడా ఎవరో ఒకరి ఉద్యోగమే. 1996 ప్రపంచకప్‌లో అధికారిక పానీయం కోకాకోలాదైతే జనం నోళ్లలో నానింది పెప్సీ ప్రచారం. అప్పటినుంచి డబ్బు కట్టని కంపెనీ దొడ్డిదారిన లోపలికి రాకుండా చూడడం నిర్వాహకులకు పెద్ద తలనొప్పిగా మారింది.

అక్రిడిటేషన్ విభాగం మరో పాఠశాల. ఎవరి మెడలో ఏ రంగు కార్డు ఉండాలి, ఏ కార్డుతో ఎంతవరకు వెళ్లవచ్చు అన్నది అక్కడ తేలుస్తారు. మ్యాచ్ రోజు ఆటగాళ్లూ అంపైర్లూ ఉండే ప్రాంతంలో ఫోన్ల మీద ఆంక్షలు ఉంటాయి. అవినీతి నిరోధక నిబంధనలు అలా చెబుతాయి. అభిమానిగా వచ్చిన విద్యార్థి ఇక్కడే ఎక్కువగా తడబడతాడు. సెల్ఫీ కోసం గీత దాటిన ఇంటర్న్‌కు మర్నాడు కార్డు ఉండకపోవచ్చు, అందులో అన్యాయమూ లేదు.

అన్నింటికన్నా బరువైనది జనాన్ని నడిపించే పని. 2022 సెప్టెంబరు 22న ఆస్ట్రేలియాతో టీ20 టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర వేలమంది గుమిగూడితే తొక్కిసలాట జరిగి పలువురు గాయపడ్డారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట విజయోత్సవానికి వచ్చినవారిలో 11 మంది చనిపోయారు. రెండు చోట్లా ప్రమాదం జరిగింది మైదానంలో కాదు, గేటు ముందు. బ్యారికేడ్ ఎంత దూరంలో పెట్టాలి, వరస ఎక్కడ మలుపు తిరగాలి, గేటు ఎప్పుడు తెరవాలి, ఉచిత ప్రవేశమని ఎవరు ఎప్పుడు ప్రకటించాలి అన్న ప్రశ్నలకు పుస్తకంలో సూత్రాలు దొరుకుతాయి. నాలుగు గంటలకు తెరవాల్సిన గేటు దగ్గర రెండు గంటలకే జనం పేరుకుపోతే పోలీసు అధికారితో ఏం మాట్లాడాలన్నది మాత్రం పక్కన నిలబడి చూసినవాడికే తెలుస్తుంది.

హైదరాబాద్ అనుభవం పాఠాల రూపంలో కావలసినంత ఇచ్చింది. 2024 ఏప్రిల్‌లో చెన్నైతో హైదరాబాద్ ఐపీఎల్ జట్టు సన్‌రైజర్స్ మ్యాచ్‌కు ముందు రోజు, కోటిన్నరకు పైగా ఉన్న పాత బకాయిల కారణంగా ఉప్పల్ స్టేడియానికి విద్యుత్ సంస్థ కరెంటు నిలిపివేసింది. తర్వాత సరఫరా పునరుద్ధరించారు, మ్యాచ్ జరిగింది. 2025 మార్చిలో ఉచిత పాసుల మీద సన్‌రైజర్స్ యాజమాన్యానికీ హైదరాబాద్ క్రికెట్ సంఘానికీ మధ్య వివాదం బయటపడింది. ఒప్పందం ప్రకారం సంఘానికి వెళ్లేవి మొత్తంలో పది శాతం, అంటే సుమారు 3,900. అంతకు మించి అడుగుతూ ఒత్తిడి తెస్తున్నారన్నది ఫ్రాంచైజీ ఆరోపణ, సంఘం దాన్ని ఖండించింది. ఎవరి మాట నిజమన్నది పక్కన పెట్టినా, అద్దెకు తీసుకున్న స్టేడియంలో ఒక్కో కుర్చీ ఎవరిదన్నది ఎంత వివరంగా రాసుకోవాలో చూపడానికి ఎంబీఏ తరగతిలో ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఇక్కడే న్యాయ విద్యార్థుల పని మొదలవుతుంది. ఆటగాడి ఒప్పందం, బొమ్మ వాడుకునే హక్కు, స్టేడియం అద్దె, ప్రసార హక్కులు, డోపింగ్ కేసు అన్నీ కాగితం మీద నిలిచేవే. 2025 ఆగస్టులో వచ్చిన రెండు చట్టాలు ఈ రంగాన్ని బాగా కదిపాయి. జాతీయ క్రీడా పాలన చట్టం క్రీడా సమాఖ్యల గుర్తింపు కోసం బోర్డునూ, వివాదాల కోసం ప్రత్యేక ట్రైబ్యునల్‌నూ నిర్దేశించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించిన చట్టం నేరుగా స్పాన్సర్ల జేబు మీద పడింది. మూడేళ్లకు 358 కోట్లతో భారత క్రికెట్ జట్టు జెర్సీ మీదికెక్కిన ఆన్‌లైన్ ఆటల సంస్థ డ్రీమ్ ఎలెవన్ గడువుకు ముందే తప్పుకుంది. ఆసియా కప్‌ను జట్టు స్పాన్సర్ పేరు లేని జెర్సీతో ఆడింది. ఆ తర్వాత అపోలో టైర్స్ వచ్చింది. చట్టం మారితే ఒప్పందం ఏమవుతుందన్న నిబంధన చాలా ఒప్పందాల చివర్లో ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరన్న నమ్మకం ఆ నెలలో పోయింది. ఇలాంటి ఒప్పందాలు చూసే న్యాయవాద సంస్థలో రెండు నెలల ఇంటర్న్‌షిప్ చేసిన ఎల్‌ఎల్‌ఎం విద్యార్థికి నిబంధనలు రాయడమే కాదు, ఏ నిబంధనకు ఎవరు భయపడతారో కూడా తెలుస్తుంది.

బిట్స్‌లో ప్రాక్టీస్ స్కూల్ అనే పద్ధతి 1973 నుంచి ఉంది. విద్యార్థి ఒక సెమిస్టర్ పాటు సంస్థలో పనిచేస్తాడు, అక్కడి పనికే మార్కులు. ఎంఈ విద్యార్థులకూ ఆ వీలుంది. ఇది క్రీడల కోసం పెట్టింది కాదు, కానీ గణాంకాల విశ్లేషణ, వీడియో నుంచి ఆటగాడి కదలికలు లెక్కగట్టడం, టికెట్ ధరలు అంచనా వేయడం లాంటి పనులకు ఈ అచ్చు సరిగ్గా సరిపోతుంది. ఇక హకీంపేటలో పిల్లల ఎంపికకు ఎత్తు, బరువుతో పాటు నిలబడి దూకడం, షటిల్ పరుగు, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు వంటి పరీక్షలు పెడతారు. ఆ కొలతలను ఏళ్ల తరబడి వరసగా పేర్చి చూడడం పీజీ విద్యార్థి ప్రాజెక్టుకు చక్కటి పని. అదే రోడ్డు మీద అది చేయగల క్యాంపస్ ఉంది. పిల్లల వివరాలు కాబట్టి అనుమతి, గోప్యత విషయంలో నల్సార్ విద్యార్థులకు కూడా అందులో చోటు ఉంటుంది.

క్యాంపస్ క్రీడోత్సవాలను చిన్నచూపు చూడనక్కర్లేదు. బిట్స్ హైదరాబాద్ విద్యార్థులు అరేనా పేరుతో ఏటా నడిపే పోటీల్లో స్పాన్సర్‌ను వెతకడం, బయటి జట్లకు వసతి, అంపైర్ల ఏర్పాటు, డ్రాలు వేయడం అన్నీ విద్యార్థులే చూసుకుంటారు. పెద్ద ఫ్రాంచైజీలో ఇంటర్న్‌కు గొలుసులో ఒక్క లింకు కనిపిస్తుంది, చిన్న పోటీలో మొదటి నుంచి చివరిదాకా కనిపిస్తుంది. పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే హైదరాబాద్ మారథాన్ కూడా అలాంటిదే. ట్రాఫిక్ పోలీసుల అనుమతి, నీళ్ల కేంద్రాలు, అంబులెన్సులు, పరుగువీరుల టైమింగ్ చిప్‌లు, తెల్లవారుజామున మూడింటికి చేరాల్సిన వాలంటీర్లు, వీటన్నింటి మీద ఒకే ఉదయం పరీక్ష జరుగుతుంది.

వాలంటీర్‌కూ ఇంటర్న్‌కూ తేడా ఉంది, ఇక్కడి నిర్వాహకులు దాన్ని తరచూ చెరిపేస్తారు. టీషర్టు, భోజనం పొట్లం, సర్టిఫికెట్ ఇచ్చి పదిహేను రోజులు పని చేయించుకోవడం ఇంటర్న్‌షిప్ కాదు. చెప్పి నేర్పే ఒక మనిషి, రాతపూర్వకంగా ఒక పని, చివర్లో దాని మీద అంచనా, వీలైతే స్టైపెండ్ ఉన్నదే ఇంటర్న్‌షిప్. ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగల పిల్లలకే జీతం లేని పని సాధ్యం కాబట్టి, ఈ రంగంలోకి వచ్చేవాళ్ల వడపోత కూడా అక్కడే జరిగిపోతోంది.

ఉద్యోగం నిలకడ గురించి హైదరాబాద్ చరిత్ర నిర్మొహమాటంగా ఉంటుంది. 2008లో 10.7 కోట్ల డాలర్లకు కొన్న డెక్కన్ చార్జర్స్ 2009లో కప్పు గెలిచి, 2012లో రద్దయింది. దాని స్థానంలో ఏడాదికి 85.05 కోట్ల బిడ్‌తో సన్ టీవీ తెచ్చిన సన్‌రైజర్స్ 2016లో గెలిచింది. 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్ఎల్ విజేత. రెండేళ్లు తిరక్కుండానే జీతాల బకాయిలతో ఆటగాళ్లు వెళ్లిపోయారు, 2025లో జట్టు ఢిల్లీకి మారింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసుకు మరుసటి ఏడు రెండో విడత ఉండాల్సింది, అది రద్దయింది. అందుకే ఒకే జట్టును నమ్ముకోకుండా కబడ్డీ, వాలీబాల్, బ్యాడ్మింటన్, మారథాన్ పనుల్లో వేలు పెట్టినవాళ్లే ఇక్కడ నిలదొక్కుకుంటారు.

దేశంలో ఈ చదువుకోసం తెలుగు విద్యార్థులు ముంబై, కోల్‌కతా, చెన్నై వైపు వెళ్తున్నారు. అమెరికా వెళ్లేవారు లెక్క ముందే చూసుకోవాలి. చదువుతుండగా కోర్సులో భాగంగా పనిచేయడానికి సీపీటీ, చదువయ్యాక ఏడాది పాటు ఓపీటీ ఉంటాయి. ఏడాది పూర్తికాలపు సీపీటీ వాడేస్తే అదే స్థాయిలో ఓపీటీ పోతుంది. ఓపీటీకి మరో 24 నెలల పొడిగింపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) డిగ్రీలకే దక్కుతుంది. క్రీడా నిర్వహణ డిగ్రీలు చాలావరకు ఆ జాబితాలోకి రావు, గణాంక విశ్లేషణ వైపు ఉన్నవి రావచ్చు. కోర్సు పేరు కంటే దాని కోడ్ చూసి చేరడం మేలు. అక్కడ తెలుగువాళ్ల పెట్టుబడీ మొదలైంది. 2023 జులైలో ఆరంభమైన మేజర్ లీగ్ క్రికెట్‌లో సియాటిల్ ఓర్కాస్ యజమానుల్లో హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల, ఢిల్లీ క్యాపిటల్స్ భాగస్వామి జీఎంఆర్ ఉన్నారు.

ఇక్కడ కూడా కదలిక ఉంది. 2024 డిసెంబరులో తెలంగాణ శాసనసభ యంగ్ ఇండియా వ్యాయామ విద్య, క్రీడా విశ్వవిద్యాలయం బిల్లును ఆమోదించింది. 2025 ఆగస్టులో రాష్ట్రం క్రీడా విధానాన్ని ప్రకటించి, పరిశ్రమల వాళ్లతో స్పోర్ట్స్ హబ్ బోర్డు వేసింది. విశ్వవిద్యాలయంలో శిక్షకుల కోర్సులతో పాటు నిర్వహణ కోర్సులకూ చోటు దొరికితే, ఉప్పల్, గచ్చిబౌలి మ్యాచ్‌ల్లో పనిని అందులో క్రెడిట్లుగా లెక్కిస్తే, శామీర్‌పేట రోడ్డు మీది విద్యార్థి ముంబై రైలు ఎక్కే అవసరం తగ్గుతుంది.